లెన్స్ వంచిన గీతలు: విజువల్ ఎఫెక్ట్స్ వెనుక ఒక కొలత

1957లో ‘మాయాబజార్’ విడుదలైనప్పుడు తెర మీద కనిపించిన ప్రతి వింతా ఏదో ఒక లెన్స్ గుండా వచ్చినదే. మార్కస్ బార్‌ట్లే కెమెరా ముందు ఉన్నది నటుడైనా, సెట్టయినా, చిన్న నమూనాగా కట్టిన నగరమైనా, దాని మీద పడిన కాంతి గాజును దాటుకునే ఫిల్మును చేరింది. ఆ గాజులో ఏ లోపం ఉన్నా అది ఫ్రేములో ఉన్న అన్నిటికీ ఒకే తీరున అంటింది. ఈనాటి సినిమాలో పరిస్థితి వేరు. నటులు, నేల, చెట్లు కెమెరా తీసినవి. వాటి వెనుక కోట, పక్కన ఏనుగుల బారు, పైన మబ్బులు కంప్యూటర్‌లో తయారైనవి. మొదటివి లెన్స్ గుండా వచ్చాయి, రెండోవి ఏ లెన్స్‌నూ ఎరగవు. రెండూ కలిసి ఒకే లోకంగా కనిపించాలంటే అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన లెక్క లెన్స్ డిస్టార్షన్, అంటే లెన్స్ బొమ్మను ఎక్కడ ఎంత వంచిందన్న లెక్క.

సినిమా చూసేవారెవరూ ఈ పనిని గుర్తించరు. గుర్తించకపోవడమే ఆ పని బాగా జరిగిందనడానికి సాక్ష్యం. ‘ఈగ’ చిత్రానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం తెచ్చుకున్న స్టూడియో మన హైదరాబాద్‌దే. ఇక్కడి స్టూడియోల్లో ఎందరో యువతీయువకులు రోజూ ఈ లెక్కతోనే పని మొదలుపెడతారు. దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం, గణితం తెలుగులో చెప్పుకోవలసినంత గొప్పవి, చెప్పుకుంటే అర్థమయ్యేంత సరళమైనవి కూడా.

సూటి గీత ఎందుకు వంగుతుంది?

చీకటి పెట్టెకు ఒక వైపు సూదిబెజ్జం, ఎదుటి వైపు తెర ఉన్నాయనుకుందాం. బయటి వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ ఒక కిరణం ఆ బెజ్జం గుండా సూటిగా వెళ్లి తెర మీద పడుతుంది. బయట తిన్నగా ఉన్న గోడ అంచు తెర మీద కూడా తిన్నగానే ఉంటుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో వాడే కెమెరా సరిగ్గా ఇదే. నాభ్యంతరం, సెన్సర్ కొలత, కెమెరా ఉన్న చోటు, చూస్తున్న దిక్కు తెలిస్తే చాలు, ఏ బిందువు ఎక్కడ పడుతుందో అది తప్పు లేకుండా చెబుతుంది.

అసలు కెమెరాకు సూదిబెజ్జం సరిపోదు. చాలినంత వెలుతురు కావాలి, బొమ్మ స్పష్టంగా ఉండాలి. అందుకే సినిమా లెన్స్‌లో అనేక గాజు కటకాలను వరుసగా పేరుస్తారు. వాటి గుండా వచ్చిన బొమ్మకు మధ్యలో ఎంత వృద్ధీకరణ ఉంటుందో అంచుల్లో అంతే ఉండాలన్న హామీ లేదు. అంచుల్లో వృద్ధీకరణ తగ్గితే సూటి గీతలు బయటికి ఉబ్బి పీపా ఆకారం వస్తుంది. వైడ్ లెన్స్‌లలో మామూలుగా కనిపించేది ఇదే. అంచుల్లో వృద్ధీకరణ పెరిగితే గీతలు లోపలికి నొక్కుకుపోయి దిండు ఆకారం వస్తుంది. కొన్ని లెన్స్‌లలో గీత మొదట ఉబ్బి, అంచు దగ్గర పడేసరికి వెనక్కి తిరిగి మీసకట్టులా తయారవుతుంది. మూడింటిలో కొలవడానికి కష్టమైనది ఈ చివరిదే.

దీనికి మూలకారణం అపర్చర్, అంటే లెన్స్‌లోకి వచ్చే కాంతిని అదుపు చేసే రంధ్రం, ఉన్న చోటు. ఒంటి కుంభాకార కటకానికి ముందు అపర్చర్ పెడితే పీపా వంపు, వెనుక పెడితే దిండు వంపు వస్తాయి. అంచుల నుంచి వచ్చే కిరణాలు కటకంలో ఏ భాగం గుండా పోవాలో అపర్చరే నిర్ణయిస్తుంది మరి. అలాగైతే అపర్చర్‌కు అటూ ఇటూ ఒకే రకం కటకాలు పెడితే ఒకదాని వంపును మరొకటి చెరిపేస్తుంది కదా! 1866లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో స్టైన్‌హైల్ ఎవరికి వారుగా ఈ సూత్రంతోనే లెన్స్‌లు తయారు చేశారు. భవనాలను ఫొటో తీసేవారికి అవి వరమయ్యాయి. అయితే ఈనాటి వైడ్ లెన్స్‌లు, జూమ్ లెన్స్‌ల నిర్మాణంలో అంతటి సౌష్ఠవం కుదరదు. రూపకర్త వంపును తగ్గించగలడు గాని, మిగతా గుణాలను బలిపెట్టకుండా పూర్తిగా పోగొట్టలేడు.

జర్మన్ గణితవేత్త సైడెల్ 1857లో కటకాల లోపాలను అయిదుగా వర్గీకరించాడు. గోళీయ విపథనం, కోమా, అబిందుకత, క్షేత్ర వక్రత అనే నాలుగూ బొమ్మను ఏదో ఒక రీతిలో మసకబారుస్తాయి. అయిదోదైన వక్రీకరణ మాత్రం దేన్నీ మసకబార్చదు. ప్రతి బిందువునూ స్ఫుటంగానే ఉంచి, ఉండవలసిన చోటు నుంచి పక్కకు జరుపుతుంది. ఈ వ్యాసంలోని విషయమంతా ఈ ఒక్క వాస్తవం మీద నిలబడి ఉంది. మసకలో కలిసిపోయిన సమాచారాన్ని పూర్తిగా వెనక్కి తేలేం. చోటు మారిన సమాచారాన్ని మాత్రం ఎంత జరిగిందో తెలిస్తే మళ్లీ యథాస్థానంలో పెట్టగలం.

ఇక్కడ తరచూ వచ్చే పొరపాటు ఒకటుంది. వైడ్ లెన్స్‌తో తీసిన గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డవారి ముఖాలు పక్కకు సాగినట్టు కనిపిస్తాయి. అది లెన్స్ లోపం కాదు. ఏ లోపమూ లేని సూదిబెజ్జం కెమెరా కూడా ముఖాలను అలాగే సాగదీస్తుంది. చదునైన తెర మీద విశాలమైన లోకాన్ని పరచడం వల్ల వచ్చే ఫలితమది. కంప్యూటర్ కెమెరా కూడా అదే చేస్తుంది కాబట్టి దాన్ని సరిదిద్దే పని లేదు. సూటి గీత వంగిందా లేదా అన్నదొక్కటే ఇక్కడ గీటురాయి.

పిక్సెళ్లలో ఎంత?

4096 పిక్సెళ్ల వెడల్పు, 2160 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫ్రేము తీసుకుందాం. మధ్య నుంచి మూలకు దూరం సుమారు 2315 పిక్సెళ్లు. మూల దగ్గర 3 శాతం పీపా వంపు ఉన్న వైడ్ లెన్స్‌తో తీశామనుకుందాం. 3 శాతమంటే చిన్న సంఖ్యే. కాని మూల బిందువు తానుండవలసిన చోటు నుంచి దాదాపు 69 పిక్సెళ్లు లోపలికి జరిగిందన్నమాట.

ఈ జరుగుడు ఫ్రేమంతటా ఒకే రకంగా ఉంటే బాధే లేదు. సరళమైన వంపులో అది మధ్య నుంచి ఉన్న దూరం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. మూలకు వెళ్లే దారిలో సగం దూరాన అది ఎనిమిదో వంతు, అంటే 9 పిక్సెళ్ల లోపు. పావు దూరాన అరవై నాలుగో వంతు, అంటే ఒక్క పిక్సెల్. నడిమధ్యన సున్నా.

ఇప్పుడు ఈ లెన్స్‌తో పొలం గట్టు మీద కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్ ఒకటి తీశారు. గట్టుకు ఆవల ఒక కోట ద్వారం కంప్యూటర్‌లో కట్టి నిలబెట్టాలి. షాట్ మొదట్లో ద్వారం ఫ్రేము నడుమ ఉంది, నేలకు అతికినట్టే ఉంది. కెమెరా తిరిగేకొద్దీ అది పక్కకు, ఆపై మూల వైపుకు వెళుతుంది. గట్టు మీది గడ్డిని, రాళ్లను లెన్స్ లోపలికి లాగుతోంది. ఏ లెన్స్‌నూ ఎరగని ద్వారం మాత్రం తన లెక్క ప్రకారం తిన్నగా సాగిపోతోంది. మొదట ఒక పిక్సెల్ ఎడం, తర్వాత తొమ్మిది, మూలకు చేరేసరికి 69. స్టూడియోలో దీన్ని చూసి ‘స్లైడ్ అవుతోంది’ అంటారు. ప్రేక్షకుడికి ఈ మాట తెలియకపోయినా, ద్వారం నేలలో పాతుకుని లేదని అతని కన్ను వెంటనే పట్టేస్తుంది. ఒక్క పిక్సెల్ కూడా ఎడం రానివ్వకుండా అతకడం మ్యాచ్‌మూవ్, అంటే అసలు కెమెరా కదలికను కనుక్కుని కంప్యూటర్ కెమెరాకు ఇచ్చే పని, చేసేవారి లక్ష్యం. దానికి ఎదురుగా 69 పిక్సెళ్లంటే ఎంత పెద్ద తప్పో చెప్పనక్కర్లేదు.

నష్టం అక్కడితో ఆగదు. కెమెరా ఎటు నుంచి ఎటు కదిలిందో కనుక్కునే సాఫ్ట్‌వేర్, కిరణాలు సూటిగా వచ్చాయన్న నమ్మకంతోనే లెక్క వేస్తుంది. వంగిన ఫ్రేములను అలాగే ఇస్తే దానికి దొరికే సమాధానంలో కెమెరా దారి తప్పుతుంది, నాభ్యంతరం తప్పుతుంది, చదునైన నేల గిన్నెలానో గోపురంలానో వంగుతుంది. డ్రోన్ ఫొటోల నుంచి భూమి నమూనాలు తయారు చేసే సర్వేయర్లకు ఈ గోపురం చిక్కు బాగా పరిచితం. అలాంటి నేల మీద ఎంత అందమైన కోట కట్టినా నిలవదు.

సర్వేయర్లు నేర్పిన లెక్క

ఈ వంపును కొలిచే శాస్త్రం సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. విమానం నుంచి తీసిన ఫొటోలతో పటాలు గీసేవారు, ఆకాశంలో క్షిపణుల దారిని కెమెరాలతో పసిగట్టేవారు దాన్ని పెంచి పోషించారు. కటకాల కేంద్రాలు ఒకే అక్షం మీద లేకపోతే ఏమవుతుందో కటకాల నిపుణుడు కాన్రడీ 1919లో వివరించాడు. అమెరికాకు చెందిన డ్వేన్ బ్రౌన్ 1966లో ఆ లెక్కను ఆధునిక రూపంలోకి తెచ్చాడు. 1971లో దగ్గరి వస్తువులను తీసే కెమెరాల క్రమాంకనం గురించి రాస్తూ ఎంతో తేలికైన ఉపాయం ఒకటి చూపాడు. తాపీమేస్త్రి గోడ నిటారుగా లేచిందో లేదో చూసే తూకం గుండు మనకు తెలిసిందే. అలాంటి దారాలను వరుసగా వేలాడదీసి ఫొటో తీయాలి. గుండు బరువుకు బిగిసిన దారం తిన్నగా ఉండి తీరుతుంది. ఫొటోలో అది ఎక్కడ ఎంత వంగి కనిపిస్తే అంత వంపూ లెన్స్‌దే. దారం ఎంత దూరంలో ఉందో, కెమెరా ఎక్కడుందో తెలియకపోయినా ఫరవాలేదు.

బ్రౌన్ నమూనా సారాంశం ఇది. ఒక బిందువు మధ్య నుంచి ఎంత దూరంలో ఉండాలో తీసుకుని, ఆ దూరం వర్గాన్ని ఒక గుణకంతోను, నాలుగో ఘాతాన్ని మరొక గుణకంతోను, అవసరమైతే ఆరో ఘాతాన్ని ఇంకొక గుణకంతోను గుణించాలి. వాటన్నిటినీ 1కి కలిపితే వచ్చిన సంఖ్యతో అసలు దూరాన్ని గుణించాలి. మన 3 శాతం ఉదాహరణలో, మూల దూరాన్ని 1గా తీసుకుంటే, మొదటి గుణకం మైనస్ 0.03, మిగతావి సున్నా. మీసకట్టు వంపులో మొదటి గుణకం ఒక వైపు, రెండోది మరో వైపు లాగుతాయి. కటకాలు అక్షం తప్పడం వల్ల వచ్చే పక్కవాటుకు వేరుగా రెండు గుణకాలున్నాయి. పిడికెడు సంఖ్యల్లో ఒక లెన్స్ స్వభావమంతా ఇమిడిపోతుందన్నమాట.

2000లో కంప్యూటర్ విజన్ పరిశోధకుడు జంగ్ జంగ్‌యో ప్రచురించిన పద్ధతి ఈ కొలతను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. నలుపు తెలుపు గళ్ల కాగితాన్ని చదునైన పలకకు అంటించి, రకరకాల కోణాల్లో పట్టుకుని కొన్ని ఫొటోలు తీస్తే, గళ్ల మూలల నుంచి నాభ్యంతరం, వంపు రెండూ తేలతాయి. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా తన ఫోన్ కెమెరాను ఇలా కొలిచి చూడవచ్చు.

గ్రిడ్ తీసే తీరు

సినిమా యూనిట్‌లో ఈ కొలతకు ‘గ్రిడ్ షూట్’ అని పేరు. పెద్ద చదునైన పలక మీద సమానమైన గళ్లు అచ్చు వేయిస్తారు. దాన్ని నిటారుగా నిలబెట్టి, కెమెరాను సరిగ్గా దాని ఎదుట, లెన్స్ మధ్య భాగం పలక మధ్యకు సూటిగా ఉండేలా అమరుస్తారు. గళ్లు ఫ్రేము నాలుగు మూలలూ దాటి నిండాలి. ఎక్కువ వంపు ఉండేది మూలల్లోనే కాబట్టి, మూలలు ఖాళీగా మిగిలితే అసలు కావలసిన చోటే కొలత లేనట్టు. పలక మీద వెలుతురు సమంగా పడాలి. అపర్చర్‌ను కాస్త మూసి, మధ్య నుంచి అంచు దాకా గళ్లు స్పష్టంగా ఉండేలా చూడాలి. పలక కొంచెం ఉబ్బినా, మడత పడినా ఆ ఉబ్బు కూడా లెన్స్ ఖాతాలో పడిపోతుంది.

ఒక్క లెన్స్‌కు ఒక్క గ్రిడ్ చాలదు. ఫోకస్ దగ్గరికీ దూరానికీ మారుతుంటే లోపలి కటకాలు కదులుతాయి, దాంతో వంపూ మారుతుంది. అందుకే దగ్గర, మధ్య, దూరం అంటూ కొన్ని ఫోకస్ దూరాల వద్ద విడివిడిగా తీస్తారు. జూమ్ అయితే ప్రతి ముఖ్యమైన నాభ్యంతరం దగ్గరా తీయాలి. ప్రతి గ్రిడ్ ముందూ పలక మీద లెన్స్ పేరు, సీరియల్ నంబరు, ఫోకస్ దూరం, కెమెరా రికార్డింగ్ పద్ధతి రాసిపెట్టాలి. ఒకే కంపెనీ తయారు చేసిన ఒకే 25 మిల్లీమీటర్ల లెన్స్‌లు రెండున్నా, వాటి వంపు అచ్చంగా ఒకటి కాకపోవచ్చు. సీరియల్ నంబరు రాయని గ్రిడ్ ఎవరిదో తెలియని ఎక్స్‌రే వంటిది.

తీసి, మళ్లీ పెట్టడం

స్టూడియోకు చేరిన అసలు ఫుటేజ్‌ను ‘ప్లేట్’ అంటారు. గ్రిడ్ నుంచి తేలిన గుణకాలతో మొదట ప్లేట్ వంపు తీసేస్తారు. గీతలన్నీ తిన్నబడిన ఆ నకలు మీద మ్యాచ్‌మూవ్ జరుగుతుంది. కెమెరా కదలిక కచ్చితంగా దొరుకుతుంది, నేల చదునుగా వస్తుంది. ఆ కెమెరాతోనే కోట ద్వారాన్ని రెండర్ చేస్తారు, అంటే కంప్యూటర్‌తో బొమ్మగా తీయిస్తారు. ఇప్పుడు చేతిలో రెండు తిన్నని బొమ్మలున్నాయి. వాటిని కలిపేస్తే పని అయిపోయినట్టే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

అనుభవమున్న స్టూడియోలు అలా చేయవు. తిన్నబరిచిన ప్లేట్‌ను పక్కన పెట్టేసి, కోట ద్వారానికి లెన్స్ వంపును ఎక్కించి, ఏ మార్పూ చేయని అసలు ప్లేట్ మీద దాన్ని అతుకుతాయి. దీనికి బలమైన కారణాలున్నాయి. వంపు తీసేటప్పుడు ప్రతి పిక్సెల్ కొత్త చోటికి జరగాలి. కొత్త చోటు పిక్సెళ్ల నడుమ ఎక్కడో పడుతుంది కాబట్టి చుట్టుపక్కల పిక్సెళ్ల విలువలు కలిపి కొత్త విలువ తయారు చేయాలి. ఆ కలపడంలో బొమ్మ పదును, గ్రెయిన్ స్వభావం కొంత తగ్గిపోతాయి. నటుడి కనురెప్ప వెంట్రుకల మీద అంత నష్టం ఎందుకు భరించాలి? పైగా సినిమాలో ఎఫెక్ట్స్ లేని షాట్లు కూడా అదే లెన్స్ వంపుతో పక్కపక్కనే వస్తాయి. ఛాయాగ్రాహకుడు ఆ లెన్స్‌ను ఎంచుకున్నది దాని స్వభావం నచ్చే. ఎఫెక్ట్స్ ఉన్న షాట్లు మాత్రమే తిన్నబడితే అల్లిక చెడుతుంది. కాబట్టి సరిదిద్దడం ఇక్కడ మధ్యలో వచ్చే మజిలీ మాత్రమే. లెన్స్ లోపాన్ని కంప్యూటర్ బొమ్మకు నేర్పడం దగ్గరే ఈ ప్రయాణం ముగుస్తుంది.

ఈ రానుపోను ప్రయాణంలో ఒక గణిత చిక్కుంది. తిన్నని చోటు నుంచి వంగిన చోటుకు సూత్రం ఉంది. వెనక్కి రావడానికి అంత సులువైన సూత్రం లేదు. అందుకని ఒక అంచనాతో మొదలుపెట్టి దాన్ని దిద్దుకుంటూ పోవాలి. మన ఉదాహరణలో వంగిన బిందువు 0.97 దగ్గర ఉంది, దాని అసలు చోటు 1. మొదటి అంచనా 0.97 అనే పెట్టుకుంటే తప్పు 69 పిక్సెళ్లు. ఆ అంచనాతో వంపు లెక్కగట్టి, దానితో 0.97ను భాగిస్తే 0.9982 వస్తుంది. తప్పు 4 పిక్సెళ్లకు దిగింది. అదే పని మరొక్కసారి చేస్తే 0.9999 దగ్గరికి వస్తాం, తప్పు పావు పిక్సెల్. ఇంకొక్కసారి చేస్తే కంటికి పట్టని స్థాయికి పోతుంది. ఒక్కో మెట్టుకూ తప్పు సుమారు పదహారో వంతుకు పడిపోతోంది. కంప్యూటర్ ఈ పనిని ఫ్రేములోని లక్షలాది పిక్సెళ్లకు క్షణాల్లో చేస్తుంది.

మరొక జాగ్రత్త ఓవర్‌స్కాన్. పీపా వంపు బొమ్మను లోపలికి లాగుతుంది కదా. కోట ద్వారాన్ని ప్లేట్ ఎంత ఉందో అంతే కొలతలో రెండర్ చేసి వంపు ఎక్కిస్తే, బొమ్మ లోపలికి ముడుచుకుని మూలల్లో ఖాళీ మిగులుతుంది. మన లెన్స్‌కు మూలల దగ్గర సుమారు 3.3 శాతం ఎక్కువ బొమ్మ కావాలి, అంటే ఎడమకు, కుడికి దాదాపు 70 పిక్సెళ్ల చొప్పున. అందుకే రెండర్‌ను ముందే పెద్దదిగా, కాస్త వెసులుబాటుతో చేస్తారు. అయితే అంతమేరకు కెమెరా సెన్సర్ కొలతనూ పెంచాలి. పిక్సెళ్లు పెంచి సెన్సర్ కొలత మరిచిపోతే దృశ్యమంతా జూమ్ అయిపోతుంది.

రంగుల్లో దాచిన చిరునామాలు

ఒక్కో సాఫ్ట్‌వేర్ వంపును ఒక్కో రకం సూత్రంతో రాస్తుంది. త్రీడీ ఈక్వలైజర్‌లో మ్యాచ్‌మూవ్ చేసినవారి గుణకాలు న్యూక్‌లో కాంపోజిటింగ్, అంటే బొమ్మలను కలిపి అతికే పని, చేసేవారికి యథాతథంగా పనికిరాకపోవచ్చు. ఒక దేశంలో మ్యాచ్‌మూవ్, మరో దేశంలో లైటింగ్, ఇంకో ఊళ్లో కాంపోజిటింగ్ జరిగే ఈ రోజుల్లో అది పెద్ద ఇబ్బంది. దానికి దొరికిన చక్కని పరిష్కారం ఎస్‌టీ మ్యాప్.

ఇది చూడటానికి ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు మెల్లగా ఒకదానిలో ఒకటి కలిసిపోయే బొమ్మలా ఉంటుంది. నిజానికి అందులో ఉన్నవి చిరునామాలు. ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు విలువ ‘అడ్డంగా ఎక్కడి నుంచి తీసుకోవాలి’ అని, ఆకుపచ్చ విలువ ‘నిలువుగా ఎక్కడి నుంచి తీసుకోవాలి’ అని చెబుతాయి. ఎడమ అంచు సున్నా, కుడి అంచు 1. కింద సున్నా, పైన 1. సూత్రం ఏదన్నది ఇక అనవసరం. ఇలాంటి బొమ్మలను చదవగలిగిన ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకదానితో వంపును తీయగలదు, మరొకదానితో మళ్లీ పెట్టగలదు.

ఈ బొమ్మను ఏ రకం ఫైలులో దాచాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. దాన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఎఫెక్ట్స్ స్టూడియోల్లో రంగుల బొమ్మలకు 16 బిట్ల ఫ్లోట్ మామూలు, కంటికి అది పుష్కలంగా సరిపోతుంది. కాని ఆ పద్ధతిలో 0.5కు, 1కి నడుమ ఉన్న విలువలు 2048లో ఒక వంతు చొప్పున మాత్రమే మెట్లుగా మారతాయి. 4096 పిక్సెళ్ల ఫ్రేములో అంత మెట్టు అంటే రెండు పిక్సెళ్లు. ఫ్రేము కుడి సగమంతటా చిరునామాలు రెండేసి పిక్సెళ్ల అంగలతో గెంతుతాయి. సూటి గీతలు మెట్లమెట్లుగా విరుగుతాయి. అదే 32 బిట్ల ఫ్లోట్‌లో ఆ మెట్టు పిక్సెల్‌లో 4096వ వంతు మాత్రమే. అందుకే ఎస్‌టీ మ్యాప్‌ను ఎప్పుడూ 32 బిట్లలోనే దాచాలి. దానికి రంగుల దిద్దుబాటు కూడా ఏదీ తగలకూడదు. అవి కన్ను చూసే రంగులు కావు, లెక్క చదివే అంకెలు.

సినిమాస్కోప్ తెచ్చిన క్లిష్టత

ఇంతవరకు చెప్పినదంతా గుండ్రని సౌష్ఠవం ఉన్న లెన్స్‌లకు వర్తిస్తుంది. అనామార్ఫిక్ లెన్స్‌ల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆంరీ క్రెతియాఁ 1920లలో రూపొందించిన హైపర్‌గోనార్ కటకం విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా నొక్కి ఇరుకైన ఫిల్ము మీద పట్టించింది. దాన్ని ప్రొజెక్టర్ దగ్గర మళ్లీ సాగదీస్తారు. ఈ పద్ధతే 1953లో ‘ది రోబ్’తో సినిమాస్కోప్ పేరుతో ప్రపంచానికి పరిచయమైంది. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. తొలినాటి సినిమాస్కోప్‌లో దగ్గరి షాట్లు తీస్తే ముఖాలు వాచినట్టు వెడల్పుగా కనిపించేవి. ఫోకస్ దగ్గరికి వచ్చేకొద్దీ నొక్కే పాళ్లు మారిపోవడమే కారణం. తర్వాత పానావిజన్ లెన్స్‌లు ఈ లోపాన్ని చాలావరకు తీర్చాయి.

అనామార్ఫిక్ లెన్స్‌లో అడ్డం వంపు వేరు, నిలువు వంపు వేరు. మధ్య నుంచి దూరం ఎంతన్నదే కాదు, ఏ దిక్కున అన్నదీ లెక్కలోకి రావాలి. నొక్కే కటకం కాస్త పక్కకు తిరిగి బిగుసుకుని ఉంటే ఆ కోణం కూడా కలపాలి. ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం పొందిన త్రీడీ ఈక్వలైజర్‌లో అనామార్ఫిక్ కోసం ప్రత్యేక నమూనాలున్నది ఇందుకే. షాట్ మధ్యలో ఫోకస్ ఒక మనిషి నుంచి మరొకరికి మారితే, ఫ్రేము ఊపిరి తీసుకున్నట్టు స్వల్పంగా ఉబ్బి తగ్గుతుంది. ప్రతి ఫ్రేముకూ వేరే వంపు కావలసి వస్తుంది.

లెన్స్ తయారీదారులు దీనికి తమవంతు సాయం చేస్తున్నారు. కుక్ కంపెనీ ప్రారంభించిన ఐ టెక్నాలజీ, దాని మీద జైస్ నిర్మించిన ఎక్స్‌టెండెడ్ డేటా వంటి వ్యవస్థల్లో లెన్సే ప్రతి ఫ్రేముకూ తన ఫోకస్, అపర్చర్, వంపు వివరాలను కెమెరాకు అందిస్తుంది. అలాంటి లెన్స్‌లు దొరికినచోట ఎంతో శ్రమ తప్పుతుంది. ఎన్నో చిత్రాలు ఇష్టపడి వాడే పాత లెన్స్‌లకు మాత్రం ఆ సౌకర్యం లేదు. వాటికి ఈనాటికీ గ్రిడ్డే దిక్కు.

గ్రిడ్ లేనప్పుడు

షూటింగ్ హడావుడిలో మొదట కోత పడేది గ్రిడ్ షూట్‌కే. వెలుతురు పోతోంది, నటుల సమయం అయిపోతోంది, లెన్స్‌లు అద్దెకు ఇచ్చినవారికి తిరిగి పంపాలి. అలాంటప్పుడు స్టూడియోలో ఉన్నవారికి మిగిలే ఆధారాలు ప్లేట్‌లోని సూటి వస్తువులే. గోడ అంచు, రైలు పట్టా, కిటికీ చట్రం, దీపస్తంభం. బ్రౌన్ వేలాడదీసిన దారాల పని ఇవి చేస్తాయి. వీటి వెంట గీతలు గీసి, అవి తిన్నబడేదాకా గుణకాలను సవరిస్తారు. సాఫ్ట్‌వేర్ కూడా వందలాది బిందువుల కదలిక నుంచి వంపును అంచనా వేయగలదు.

ఈ అంచనాల్లో రెండు ప్రమాదాలున్నాయి. నాభ్యంతరంలో తప్పు, వంపులో తప్పు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకోగలవు. లెక్క చూడటానికి బాగుంటుంది, వస్తువు నిలబెట్టాకే అబద్ధం బయటపడుతుంది. రెండోది రోలింగ్ షట్టర్. చాలా డిజిటల్ సెన్సర్లు ఫ్రేమును పై వరుస నుంచి కింది వరుస దాకా క్రమంగా చదువుతాయి. కెమెరా వేగంగా తిరిగితే ఆ కాస్త వ్యవధిలోనే నిలువు స్తంభాలు వాలిపోతాయి. అది లెన్స్ వంపు కాదు, కాలంలో వచ్చిన తేడా. దాన్ని లెన్స్ గుణకాలతో దిద్దబోతే రెండూ చెడతాయి. కొండలు, అడవి, సముద్రం తప్ప సూటి వస్తువేదీ లేని షాట్‌లో ఈ అంచనాలు మరీ బలహీనపడతాయి. మన పౌరాణిక, జానపద చిత్రాల్లో అలాంటి షాట్లకు కొదవ లేదు.

కాబట్టి సినిమా తీసేవారికి ఈ వ్యాసకర్త మనవి ఒకటే. షూటింగ్ మొదలయ్యే ముందు, లెన్స్‌లన్నీ కెమెరా పరీక్షకు ఒకచోట చేరిన రోజే గ్రిడ్లు తీయించండి. గళ్ల పలక, నిశ్చలంగా నిలబెట్టిన కెమెరా, వివరాలు ఓపికగా రాసే ఒక సహాయకుడు ఉంటే చాలు. గ్రిడ్లు తీయకుండా అప్పుడు మిగిల్చుకున్న కొద్ది సమయం తర్వాత స్టూడియోలో ఎందరో కళాకారుల రాత్రులను మింగేస్తుంది. ఎఫెక్ట్స్ నేర్చుకుంటున్న విద్యార్థులకు మనవి మరొకటి. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే వంపు పోతుందన్నది నిజమే గాని, ఆ బటన్ వెనుక ఏ నమూనా ఉందో, సంఖ్యలు ఏ కొలమానంలో ఉన్నాయో తెలియకపోతే అది తప్పినరోజు ఎందుకు తప్పిందో తెలియదు. గళ్ల కాగితం అచ్చు వేసుకుని, మీ ఫోన్ కెమెరా వంపును మీరే ఒకసారి కొలవండి. వచ్చిన గుణకాలతో వంపు తీయండి, మళ్లీ పెట్టండి, అసలు ఫొటోతో పోల్చి ఎన్ని పిక్సెళ్లు తేడా వచ్చిందో చూడండి. ఆ తేడా ఒక పిక్సెల్ లోపుకు దిగితే మ్యాచ్‌మూవ్ విద్యకు పునాది పడినట్టే.